హమ్మింగ్ లేని స్పీకర్

ఆగస్టు 9

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. విద్యుత్ తనిఖీ ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ కాస్త తేడాగా చెప్పాను.

ఆగస్టు రెండు, శనివారం. నేను లేచేసరికి మా ఆవిడ మైకులకి కొత్త బ్యాటరీలు వేస్తోంది. టీ తాగాం. పదకొండింటికి వ్యాన్‌లో సామాను ఎక్కించాం. మూడు యాక్టివ్ స్పీకర్లు, స్టాండ్లు, మిక్సర్, కేబుళ్ల పెట్టె. బరువులు నావీ, బావమరిదివీ. ఏది ఎక్కింది, ఏది మర్చిపోయాం అని చూసేది తను. ఆ రోజు ఏదీ మర్చిపోలేదు.

ఎవరిదో పదవీ విరమణ సభ. ఒంటిగంటకి హాలు చేరాం. వేదికకి అటూ ఇటూ రెండు స్పీకర్లు పెట్టాం. లోపల చోటు దొరకనివాళ్ల కోసం వరండాలో ఒకటి. లోపలివాటికీ మిక్సర్‌కీ వేదిక పక్క బోర్డు నుంచి కరెంటు తీశాం. వరండా స్పీకర్‌కి వరండా గోడ మీది బోర్డు నుంచి తీశాం. వరండా స్పీకర్‌లో గుయ్యిమని హమ్మింగ్ వచ్చింది. తీసేశాను. నాలుగింటికి సభ మొదలైంది.

ఐదుంపావుకి జల్లు పడింది. స్పీకర్ తడవకుండా ప్లాస్టిక్ పట్టా కప్పడానికి తను వెళ్లింది. ఒక చెయ్యి వరండా ఇనప కటకటాల మీద, ఇంకో చెయ్యి స్పీకర్ వెనక ఇనప పలక మీద ఉన్నాయట. చూసినవాళ్లు చెప్పారు. నేను మిక్సర్ దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను. ఎవరో వచ్చి భుజం తట్టేదాకా నాకు వక్త గొంతు తప్ప ఏమీ వినపడలేదు.

ఆరుంపావుకి ఆసుపత్రిలో డాక్టరు బయటికి వచ్చి, తను ఇక లేదని చెప్పింది.

ఏడింటికి హాలుకి తిరిగి వెళ్లాను. కేబుళ్లు చుట్టాను. బావమరిది నా చేతిలోది లాక్కోబోయాడు. "వదిలెయ్ బావా. దండం పెడతాను, వదిలెయ్. నేను చుడతా" అన్నాడు. వదల్లేదు. "పాపం, మతి పోయింది మనిషికి" అంది ఊడ్చేవాళ్లలో ఒకామె.

ముప్పయ్యేళ్ల అలవాటు. పని అయ్యాక కేబుళ్లు చుట్టాలి.

ఆగస్టు 10

కూతురు సెలవు పొడిగించుకుంది. నాకు తోడుగా ఉంటుందట. వద్దన్నాను. ఉంది.

ఆగస్టు 12

ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి మూడోసారి. స్పీకర్ లోపల తీగ ఒకటి కాలి, కరెంటు వెనక పలకకి పాకిందని తేలింది. ఇక్కడి నుంచి ఆయన లెక్క ఇది. ఎర్త్ తీగ సరిగా ఉంటే ఆ కరెంటు దాని వెంట భూమిలోకి పోవాలి, ఆ క్షణమే బోర్డులో స్విచ్ దానంతటదే పడిపోవాలి. స్విచ్ పడలేదు. కాబట్టి ఎర్త్ లేదు. స్పీకర్ కేబుల్ మీరిచ్చింది చూశాం, బాగుంది. కాబట్టి లోపం హాలు బోర్డులో.

లెక్కలో తప్పు లేదు.

పైగా హాలు ఎలక్ట్రీషియన్ మర్నాడు పొద్దున్నే ఆ వరండా బోర్డు పీకేసి కొత్తది బిగించాడు. మేనేజరు బిగించమన్నాడని అతను, నేనెప్పుడన్నానని మేనేజరు. పాత బోర్డు చెత్తలో పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది అతని పని. ఉద్యోగం నుంచి ఆపేశారు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని అతని మీద పోలీసు కేసు పెడతారు. సెప్టెంబరు ఒకటో తారీఖున నా వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి. దాని మీదే కేసు నడుస్తుందని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు.

"మీకు న్యాయం జరుగుతుంది సార్" అన్నాడు, బయటిదాకా వచ్చి.

ఆగస్టు 13

స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఫోన్. ముప్పయ్యో తారీఖు వార్షికోత్సవం. మా ఆవిడ ఎప్పుడో ఒప్పుకున్న పని. "ఇంకొకరిని చూసుకుంటానండీ, మొహమాటపడకండి" అంది. చేస్తామన్నాను. ఆవిడ కాస్త ఆగి, పిల్లల కార్యక్రమం కదా, ఏ రకం స్పీకర్లు నమ్మదగ్గవో రెండు ముక్కలు రాసివ్వమంది. కమిటీకి చూపించాలట.

చిత్తు: "పాసివ్ స్పీకర్ అంటే ఉత్త పెట్టె. దానికి బలమిచ్చే యాంప్లిఫయర్ వేదిక పక్కన విడిగా ఉంటుంది. పెట్టె దాకా గోడ కరెంటు పోదు. యాక్టివ్ అంటే యాంప్లిఫయర్ పెట్టె లోపలే ఉంటుంది. మోయడం తేలిక, అమర్చడం తేలిక. కాని పెట్టె ఉన్న ప్రతిచోటికీ కరెంటు లాగాలి. పాసివ్‌లో యాంప్లిఫయర్ పోతే హాలంతా మూగపోతుంది. యాక్టివ్‌లో ఒకటి పోతే మిగిలినవి పలుకుతాయి. కాబట్టి నమ్మకం దృష్ట్యా"

ఇక్కడ ఆగింది.

ఆరేళ్ల కిందట ఒక సభలో మా యాంప్లిఫయర్ పోయింది. నలభై నిమిషాలు మైకు లేదు. అంతమంది ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ నెలలోనే యాక్టివ్ కొన్నాం. బావమరిది పట్టుబట్టాడు. తను వద్దంది.

"స్పీకర్‌కి నోరుంటే చాలు, బుర్రెందుకండీ? బుర్రా నోరూ ఒకేచోట పెట్టుకుని తిరిగే మనిషితో నేను వేగుతున్నది చాలదూ?"

పాసివ్ పంపిస్తాను స్కూలుకి. పాసివ్ అయితే తను ఉండేది. యాక్టివ్ కొన్నందుకే ఇదంతా.

ఆగస్టు 14

యాక్టివ్ కొన్నందుకే.

ఆగస్టు 17

హాలు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"సార్, మీ ఇంట్లో జరిగినదానికి నాకు నోట మాట రావట్లేదు. నా కష్టం చెప్పుకోవడానికి ఇది సమయమా అని మా ఆవిడ కూడా తిట్టింది. కాని మీరొక్కరే ఉన్నారు."

"చెప్పండి."

"ఆ రోజు మధ్యాహ్నం మీరే మీటరు పెట్టి చూశారు కదా సార్. వరండా బోర్డులో. ఎర్త్ బ్రహ్మాండంగా ఉందయ్యా అన్నారు. పాత హాళ్లలో ఇంత మంచి ఎర్త్ చూళ్లేదన్నారు. నేను మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను, చదువుకున్నాయన మెచ్చుకున్నాడని."

మళ్లీ కుర్చీ చూపించాను.

"ఆ ఒక్క ముక్క ఇన్‌స్పెక్టర్ గారితో చెప్పండి సార్. మీ నోటితో మీరు అన్న మాటే."

"గుర్తు లేదండీ" అన్నాను. "ఆ రోజు సంగతులు సరిగ్గా గుర్తు ఉండటం లేదు."

అతను తల ఊపాడు. కోపం కూడా రాలేదు. ఆవిడ గుమ్మం దగ్గర్నుంచే అంది: "పోనీలెండి. గుర్తొస్తే చెప్పండి. పదిహేడేళ్లు చేశాడండీ ఆ హాల్లో. ఒక్క బల్బు మాడితే ఇంట్లో అన్నం సహించేది కాదు ఈయనకి."

కూతురు వంటింట్లోంచి అంతా విన్నది. వాళ్లు వెళ్లాక, "నీకు మీటరు పెట్టకుండా పని మొదలుపెట్టే అలవాటు లేదు కదా నాన్నా" అంది.

ఆగస్టు 18

మీటరు పెట్టి చూసిన సంగతి గుర్తు లేదు.

ఆగస్టు 19

నిజంగానే గుర్తు లేదు.

ఆగస్టు 22

బావమరిది వచ్చాడు. స్కూలు పని సంగతి మాట్లాడాలని. వాడు సన్నబడ్డాడు. అక్క పోయాక వాడి నోట్లో జోకు లేదు. ఇవాళ ఒకటి ప్రయత్నించాడు.

"పాసివ్‌లా? ఆ ముసలాళ్లనా? వాటిని లేపి నిలబెట్టేసరికి నా నడుం పాసివ్ అయిపోతుంది బావా."

"నీ నడుం సంగతి చూసుకోబట్టే మీ అక్కని చంపాం."

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వచ్చింది. ఆపకుండా ఇంకా అన్నాను. యాక్టివ్ కొనమని వెంటపడింది ఎవరు, వద్దని అది మొత్తుకుంటే విన్నామా, అని. వాడు నిలబడ్డవాడు కూలబడ్డాడు. కూతురు వచ్చి వాడి పక్కన కూర్చుంది, నా పక్కన కాదు.

వాడు, "నిజమే బావా. నేనే కొనిపించాను" అన్నాడు.

ఆ మాట వాడి చేత అనిపించాక నాకు ఆకలి వేసింది. అన్నం తిన్నాను. ఇరవై రోజుల్లో కడుపు నిండా తిన్నది అదే.

ఆగస్టు 25

అటక మీంచి పాత పాసివ్ స్పీకర్లు దింపాం. దుమ్ము దులిపి చూశాను. రెండూ పలుకుతున్నాయి. పాత యాంప్లిఫయర్ కూడా పని చేస్తోంది, కొంచెం వేడెక్కుతోంది. నాలుగు గంటలు నడిస్తే చాలు.

వ్యాన్ వెనక తలుపు తెరవలేదు. యాక్టివ్‌లు రెండూ, కేబుళ్లూ ఆ రోజు పెట్టినట్టే లోపల ఉన్నాయి. మూడోది ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉంది.

ఆగస్టు 28

స్కూలుకి కూతురే వెళ్తానంటోంది, మామయ్యతో. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకోలేనని ఆమెకి తెలిసిపోయింది. "అమ్మ మాటిచ్చింది కదా నాన్నా. నాకు మిక్సర్ వచ్చు. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నా."

సరేనన్నాను. పాసివ్‌లే కదా.

ఆగస్టు 30

కుదురుగా రాయాలి.

పొద్దున వాళ్లిద్దరూ వ్యాన్‌లో వెళ్లారు. పాసివ్‌లు వ్యాన్‌లోకి నేనే ఎక్కించాను, పక్క తలుపు నుంచి. మూడింటికి ఫోన్ మోగింది.

"నాన్నా, యాంప్లిఫయర్ పోయింది. పాటలు టెస్ట్ చేస్తుంటే కాలిన వాసన, అంతే. మామయ్య యాక్టివ్‌లు దింపేశాడు. కంగారేం లేదు, పలుకుతున్నాయి."

కుర్చీలోంచి లేచాను.

"ఒకటే ఇబ్బంది. హమ్మింగ్ వస్తోంది. మామయ్యేమో, మీ నాన్న దాన్ని చిటికెలో తీసేస్తాడు, ఎలాగో నాకెప్పుడూ చెప్పడు, ఫోన్ చెయ్యి అంటున్నాడు. ఎలా తీస్తావు?"

"ఎక్కడ వస్తోంది?"

"అదే విచిత్రం. కుడివైపుదే గుయ్యిమంటోంది. ఎడమది నిశ్శబ్దంగా ఉంది. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. కుడిది చెడిపోయిందేమో, ఎడమది ఒక్కటే ఉంచుదామా అని ఆలోచిస్తున్నాం."

"ఎడమవైపు దానికి ఏ కేబుల్ పెట్టారు?"

"అమ్మ ప్రతి కేబుల్‌కీ నంబరు చీటీ చుట్టిందిగా. ఉండు, చూస్తాను."

"ముట్టుకోకు!"

అరిచాను. పక్కింటివాళ్లకి కూడా వినపడి ఉంటుంది. అటువైపు వెనకాల పిల్లలు ఏదో పద్యం వల్లె వేస్తున్నారు.

"దూరం నుంచి చూడు" అన్నాను. "చెయ్యి పెట్టకు. నంబరు చెప్పు."

"ఏడు."

"మెయిన్ స్విచ్ ఆపమను. ఇప్పుడే. పిల్లల్ని స్టాండు దగ్గర్నుంచి పంపించెయ్. స్విచ్ ఆపాక ఏడో నంబరు తీసి పక్కన పడెయ్యండి. దాన్ని మళ్లీ ఎక్కడా పెట్టకండి."

బావమరిదికి ఆమె చెప్పడం, వాడు పరిగెత్తడం వినపడింది. పద్యం ఆగిపోయింది. కాసేపటికి ఆమె మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది.

"ఆపేశాం. హమ్మింగ్ రానిది మంచిది కదా నాన్నా?"

"హమ్మింగ్ వస్తున్నదే మంచిది. రెండు స్పీకర్లకీ మిక్సర్‌కీ ఒకే బోర్డు నుంచి కరెంటు లాగు. పొడుగు కేబుల్ కావాలి, గోడ వెంట తిప్పుకు రావాలి. అరగంట పడుతుంది. హమ్మింగ్ పోతుంది. అదే సరైన పద్ధతి."

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

ఆమె తెలివైనది. కాలేజీలో నాకంటే బాగా చదువుకుంది.

"అమ్మ ఆ రోజు నాకు మెసేజ్ పెట్టింది" అంది. "మూడున్నరకి. మీ నాన్న హమ్మింగ్‌తో కుస్తీ పట్టి రెండు నిమిషాల్లో గెలిచారు అని. రెండు నిమిషాలు అని రాసింది నాన్నా."

ఫోన్ పెట్టేసింది.

కార్యక్రమం అరగంట ఆలస్యంగా మొదలై బాగానే జరిగిందట. ఆరింటికి ఇంటికి వచ్చింది. ఏడో నంబరు ప్లగ్గు మూత విప్పి ఉంది. బల్ల మీద పెట్టింది. లోపల మూడు తీగలుండాలి. రెండు బిగించి ఉన్నాయి. ఆకుపచ్చది విడిగా ఉంది, కొనకి టేపు చుట్టి. టేపు చుట్టిన తీరు చూస్తే ఎవరి పనో ఎవరికైనా తెలుస్తుంది.

"మామయ్యకి చూపించలేదు" అంది. "నువ్వే చెప్పాలి."

ఆగస్టు 31

ఇంతవరకు రాయనిది.

ఆ రోజు మధ్యాహ్నం వరండా బోర్డులో మీటరు పెట్టి చూశాను. ఎర్త్ బాగుంది. అతనితో ఆ మాట అన్నాను కూడా.

స్పీకర్ ఒక బోర్డు మీద, మిక్సర్ ఇంకో బోర్డు మీద ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య హమ్మింగ్ పుడుతుంది. దాన్ని తీయడానికి రెండు మార్గాలు. సరైనదానికి అరగంట. తప్పుదానికి రెండు నిమిషాలు: ప్లగ్గు విప్పి ఎర్త్ తీగ ఊడదీయడం. శబ్దం పోతుంది. దాంతో పాటు మనిషిని కాపాడేది కూడా పోతుంది. ఈ పని చేసే చాలామందికి తెలుసు. తెలిసే చేస్తాం. అంతకు ముందు నేను కనీసం యాభైసార్లు చేసి ఉంటాను. ఏమీ కాలేదు. ఏమీ కాని ప్రతిసారీ అది కాస్త తక్కువ తప్పుగా కనిపించింది.

తను అంది, "లోపలి బోర్డు నుంచే లాగుదామండీ, అరగంట పనే కదా."

"జనం వచ్చేస్తున్నారు" అన్నాను. అప్పటికి వచ్చింది నలుగురే.

ప్లగ్గు నేను విప్పుతుంటే మరలు కింద పడకుండా తను అరచేతిలో పట్టుకుంది. మళ్లీ బిగించేటప్పుడు ఒక్కొక్కటే అందించింది. "ఇంటికి వెళ్లగానే మళ్లీ కలపండి. మర్చిపోతారు మీరు" అంది. మర్చిపోననన్నాను.

ఏడింటికి హాలుకి వెళ్లింది కేబుళ్లు చుట్టడానికి కాదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉండగానే ఆ ప్లగ్గు గుర్తొచ్చింది. డాక్టరు చెప్పి ఇంకా గంట కాలేదు. ఆ స్పీకర్‌కి ఏడో నంబరు తీసేసి ఐదో నంబరు పెట్టాను. అనుమానం రాకుండా మిగతావన్నీ కూడా చుట్టాను. ఇన్‌స్పెక్టర్ చూసింది ఐదో నంబరు.

మతి పోలేదు. అంత స్పష్టంగా నా మతి ఎప్పుడూ పని చెయ్యలేదు.

ఆ తీగని మళ్లీ బిగించడానికి కూడా రెండు నిమిషాలే. నాలుగు వారాల్లో చెయ్యలేదు. విప్పితే చూడాలి. చూడకపోతే యాక్టివ్‌దే తప్పు, పాసివ్ అయితే ఏమీ అయ్యేది కాదు, కొనిపించినవాడిదే తప్పు. ఏ స్పీకర్ నమ్మదగ్గదని హెడ్‌మిస్ట్రెస్ అడిగితే పేజీ రాశాను. నిన్న ఆ ఎడమవైపు స్టాండు పక్కన పద్యం చెప్తున్నవాళ్లు మూడో తరగతి పిల్లలట.

ఇవాళ మధ్యాహ్నం బావమరిదికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. స్పీకర్లు కొనిపించినందుకు కాదురా, అన్నాను. నువ్వు కొనిపించినవాటిలో లోపం మాత్రమే వచ్చింది, మనిషిని కాపాడాల్సినదాన్ని నేను తీసేశాను, అన్నాను. వాడు పెట్టేశాడు. పావుగంట తర్వాత వాడే చేశాడు.

"రేపు ఎన్నింటికి రావాలి?"

బావా అనలేదు. ఎనిమిదింటికి రమ్మన్నాను.

కూతురు అన్నం పెట్టింది. నా ఎదురుగా కూర్చుని తను కూడా తిన్నది.  లేచి వెళ్తూ, "ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటుంది, బయట పెడతాను" అంది.

రేపు పొద్దున ఎనిమిదింటికి హాలు ఎలక్ట్రీషియన్ ఇంటికి వెళ్తాను. ఎర్త్ బాగుందని నేనే అన్నానని అతని భార్య ముందు చెప్తాను. ఆ తర్వాత అతన్ని వ్యాన్‌లో ఎక్కించుకుని ఏడో నంబరుతో ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్తాను. రాసి ఉంచిన వాంగ్మూలం మీద సంతకం పెట్టను, కొత్తది చెప్తాను. బావమరిది వెంట వస్తాడు. నన్ను అటునుంచి అటే పోలీసులు తీసుకెళ్తే ఎలక్ట్రీషియన్‌ని ఇంటి దగ్గర దింపి, వ్యాన్ వెనక్కి తేవడానికి మనిషి ఉండాలి.